జూలై ఒకటిన పుట్టిన ముప్ఫై ఒక్కరు

పోయిన వారం మనం వజీరున్నీసాను రూవి ఆడపిల్లల హైస్కూలు గేటు దగ్గర ఎండలో నిలబెట్టి వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. మే నెల మస్కట్ ఎండంటే మాటలు కాదు, పొద్దున ఏడింటికే గేటు కమ్మీ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అయినా ఆ మనిషి నీడకు పోలేదు. లోపలికి వచ్చే ప్రతి పిల్ల ముఖమూ చూస్తోంది. ఆమె సెక్షన్‌లో ముప్ఫై మంది వచ్చేశారు. రావలసిన ఒక్కతి ఇంకా రాలేదు.

ఆ ఒక్కతి సఫియా. మొదటి నుంచి చదువుతున్నవాళ్ళకు సఫియా ఎవరో చెప్పక్కర్లేదు. నడుమ వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

వజీరున్నీసాది కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర పల్లె. తాత దగ్గర అరబ్బీ, కాలేజీలో లెక్కలు నేర్చుకుంది. నాలుగేళ్ళ కిందట, డెబ్భై రెండులో, రేవులో ఫోర్‌మన్‌గా చేరిన భర్త జహీరుద్దీన్ వెంట ఒమాన్ వచ్చింది. అప్పటికి ఈ బడికి గోడల్లేవు, గుడారాలే. దేశమంతటా బళ్ళు ఒక్కసారిగా తెరిచారు, చెప్పేవాళ్ళు చాలడం లేదు. అరబ్బీలో లెక్కలు చెప్పే మనిషి దొరికిందంటే ఆ రోజే తీసుకున్నారు. తొమ్మిదో తరగతిని అరబ్బీ అక్షరాల పేర్లతో అలిఫ్, బా, జీమ్ అని మూడు సెక్షన్లు చేశారు. పెద్ద వర్తకుల పిల్లలు, ఆఫీసర్ల పిల్లలు అలిఫ్‌లోకి పోయారు. వాళ్ళ తర్వాతి వాళ్ళు బా. ఇక మిగిలినవాళ్ళు, అంటే ఆఫ్రికా ఒడ్డున స్వాహిలీ మాట్లాడే జాంజిబార్ దీవి నుంచి తిరిగొచ్చిన ఒమానీ కుటుంబాల పిల్లలు, ఇంట్లో బలూచీ మాట్లాడే పిల్లలు, కరాచీలోనో కువైట్‌లోనో సగం చదివి వచ్చిన పిల్లలు, వాళ్ళందరినీ జీమ్ అన్నారు. ఒకతికి పద్నాలుగేళ్ళు, ఇంకొకతికి పదిహేడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ సెక్షన్‌ను తీసుకొచ్చి వజీరున్నీసా చేతిలో పెట్టారు.

ఇప్పుడు వాళ్ళు పన్నెండో తరగతి. పై నెలలో పబ్లిక్ పరీక్ష. పోయిన నెల బడిలోనే పెట్టిన నమూనా పరీక్షలో అలిఫ్ పిల్లలు సగం మంది లెక్కలు తప్పారు. జీమ్‌లో ముప్ఫై ఒక్కరికి ఇరవై తొమ్మిది మంది గట్టెక్కారు. సఫియాకు నూటికి తొంభై ఆరు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. విద్యాశాఖ వాళ్ళు ప్రతి బడినీ ఒక పట్టిక అడిగారు: పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఇంట్లో మాట్లాడే భాష, తండ్రి పని, మార్కులు. జీమ్ సెక్షన్ పట్టికను వజీరున్నీసా తనే, ఎర్ర సిరాతో గళ్ళు గీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపింది. బలూచీ అన్న గడి పక్కన ఎనభై రెండు, స్వాహిలీ అన్న గడి పక్కన తొంభై ఆరు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారని ఆమె ఆశ. ఆ ఆశే కొంప ముంచింది. ఆఫీసులో చూసినవాళ్ళకు మార్కుల కంటే ముందు పుట్టిన తేదీలు కనిపించాయి. పై నుంచి కింది దాకా ముప్ఫై ఒక్కరూ జూలై ఒకటినే పుట్టారు.

మన కడప జిల్లాలో ఆ పట్టిక ఏ ఆఫీసులో ఇచ్చినా గుమాస్తా కన్నెత్తి చూడడు. ఆయన కూడా జూలై ఒకటినే పుట్టి ఉంటాడు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియని చోట బడిలో చేర్చుకునే అయ్యవారు ఏదో ఒకటి రాయాలి కాబట్టి జూలై ఒకటి అని రాసి పారేస్తారు. వజీరున్నీసా పుట్టి పెరిగింది ఆ అలవాటులోనే. గుడారంలో కూర్చుని, కాయితాల్లేని ఆడపిల్లలను చేర్చుకుంటూ, ఆమె కలం దానంతట అదే ఆ తేదీ రాసుకుంటూ పోయింది. అది తప్పని ఒక్క క్షణమైనా తోచలేదు.

విద్యాశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. రిజిస్టరు దొంగదైతే మార్కులు మాత్రం నిజమని ఏమిటి నమ్మకం? మంగళవారం ఇన్‌స్పెక్టరు వస్తుంది. ఎవరి దగ్గర ఏ జనన పత్రం ఉన్నా తీసుకురావాలి. ఇరవై దాటినవాళ్ళు పగటి బడి నుంచి పబ్లిక్ పరీక్షకు పోవడానికి వీల్లేదు. మగవాళ్ళకైతే సాయంత్రం బడి ఉంది, ఆడవాళ్ళకు ఈ ఊళ్ళో అదీ లేదు. పేర్లు బుధవారం వెళ్ళిపోవాలి. ఈ రోజు మంగళవారం.

ఇంకొక సంగతుంది. అది వజీరున్నీసాకూ సఫియాకూ తప్ప బడిలో ఎవరికీ తెలియదు. ఆ ముప్ఫై ఒక్కరిలో ఒకే ఒక్క పిల్లకు అసలైన కాయితం ఉంది. డెబ్భై రెండులో సఫియా తండ్రి దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి చూపించాడు. పంతొమ్మిది వందల యాభై అయిదు, మార్చి తొమ్మిది. అప్పటికే పదిహేడేళ్ళ పిల్ల. వజీరున్నీసా చదివి, మడిచి, పెద్దాయన చేతిలో పెట్టి, 'పెట్టెలో దాచుకోండి, దీంతో పని లేదు' అంది. రిజిస్టరులో యాభై ఎనిమిది అని రాసింది. ఆ తండ్రి పోయిన ఏడాది కాలం చేశాడు. సఫియా పాసైతే చిన్న తరగతులకు టీచరుగా తీసుకుంటామని బడివాళ్ళు మాటిచ్చారు. తల్లి, ఇద్దరు తమ్ముళ్ళు ఆ మాట పట్టుకుని బతుకుతున్నారు.

నిన్న వరండాలో వజీరున్నీసా ఆ పిల్లను పక్కకు పిలిచి, "ఆ కాయితం ఇంట్లోనే ఉండనీ" అంది. సఫియా ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. అందుకే ఈ ఎండలో ఈ నిలబడడం.

"పంతులమ్మా, గీ ఎండల ఎంతసేపు నిలవడ్తరు? లోపట్కి పోండ్రి. ఆ పోరి అస్తే నేను పంపిస్త గద" అన్నాడు దేవయ్య. గేటు కాచే మనిషి, జగిత్యాల వైపు వాడు. సైటులో నడుం పట్టేశాక కంపెనీ వాళ్ళు ఇక్కడ కూర్చోబెట్టారు.

"నువ్వు పంపేది కాదు దేవయ్యా. నేనే అడగాల."

"గీ పుట్టిన తారీకు లొల్లేనా? మస్తు పరేశాన్ గావట్టిరి. నా పాసుపోర్టుల సుత గదే తారీకు. మా రూమ్‌ల ఆరుగురం ఉన్నం, ఆరుగురిది గదే. ఇమిగ్రేషన్‌ల ఒక్కడన్న అడిగిండా?"

మామూలు రోజైతే వజీరున్నీసా నవ్వేసేది. ఈ రోజు నవ్వు రాలేదు. దేవయ్య మాట ఇంకెక్కడో తగిలినట్టయి, కొంగు సవరించుకుని రోడ్డు వైపు తిరిగింది.

అప్పుడే సందు మలుపులో సఫియా కనిపించింది. పొడగరి పిల్ల, నీలం గౌను, తల మీద తెల్లగుడ్డ. పుస్తకాలు గుండెకు అదుముకుని వస్తోంది.

"తెచ్చినావా?" అని వజీరున్నీసా తెలుగులో అనేసి, నాలుక కరుచుకుని, అరబ్బీలో మళ్ళీ అడిగింది.

"ఆలస్యమైంది అబ్లా, క్షమించండి" అంది సఫియా. ఈ దేశంలో పిల్లలు టీచరమ్మను అబ్లా అంటారు. అడిగినదానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. రెండోసారి అడిగే వ్యవధి లేకపోయింది. దుమ్ము రేపుకుంటూ ప్రభుత్వం కారు వచ్చి గేటు ముందు ఆగింది.

*

ఇన్‌స్పెక్టరు పేరు హలీమా. నలభై లోపు మనిషి, మణికట్టుకు మగవాళ్ళు పెట్టుకునే పెద్ద గడియారం. కాఫీ వద్దంది, ఖర్జూరాలు వద్దంది. పెద్ద టీచరమ్మను ఇక్కడ ముదీరా అంటారు. ఆ ముదీరాను వెంటబెట్టుకుని తిన్నగా జీమ్ సెక్షన్‌కు నడిచింది. అరబ్బీ చక్కగానే మాట్లాడుతోంది గానీ మాట చివర ఒక రాగం ఉంది. వజీరున్నీసా దాన్ని వెంటనే పట్టేసింది. సఫియా మాటలోనూ అదే రాగం.

పిల్లలందరూ లేచి నిలబడ్డారు. హలీమా వాళ్ళను ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసి, ఉన్నట్టుండి స్వాహిలీలో ఏదో అడిగింది. తొమ్మిది మంది పిల్లల ముఖాలు ఒక్కసారిగా విప్పారాయి. తొమ్మిది చేతులు లేచాయి.

"దీవిలో పుట్టినవాళ్ళెవరని అడిగాను" అంది హలీమా వజీరున్నీసా వైపు తిరిగి. "నేనూ అక్కడే పుట్టాను టీచర్. అక్కడ పుట్టిన చాలామందికి ముద్ర వేసిన జనన పత్రం ఉంటుంది. మీకా సంగతి తెలిసి ఉండకపోవచ్చు."

వజీరున్నీసా సఫియా పుస్తకాల వైపు చూసింది.

హలీమా తొమ్మిది మందినీ ఒక్కొక్కరినీ అడిగింది. అరబ్బులను దీవి నుంచి తరిమేసిన గొడవల ఏడాది కట్టుబట్టలతో పడవెక్కామని ఒకతి చెప్పింది. ఇల్లు తగలబడిందని ఇంకొకతి. మా అమ్మకు చదువు రాదు, ఏ కాయితం ఏదో తెలియదు అని మరొకతి. హలీమా అన్నిటికీ తల ఊపింది. ఆ సంగతులు ఆమెకు కొత్త కావని ఆ ఊపులోనే తెలుస్తోంది. వరసలో ఆఖరు సఫియా. సఫియా నోరు విప్పేలోపే ముదీరా గడియారం చూసి, ఎండ ముదిరితే పిల్లలు రాయలేరని గుర్తుచేసింది. హలీమా సరేనంది. వజీరున్నీసాకు పోయిన ప్రాణం కాస్త లేచి వచ్చింది.

సంచిలోంచి లక్క ముద్ర వేసిన కవరు తీసి హలీమా అందరి ముందూ చించింది. అయిదు లెక్కలు. విద్యాశాఖలో తను కూర్చుని తయారుచేసినవి, ఇంతవరకు ఇంకెవరి కంటా పడనివి. నమూనా పరీక్ష మార్కులు నిజమో కాదో ఇవి చెబుతాయి. ముదీరా కాపలా ఉంటుంది. టీచరు గదిలో ఉండకూడదు.

"ఒక గంట. అయ్యాక క్లాసు లీడరు కాయితాలు పోగుచేసి ఆఫీసు గదికి తేవాలి" అంది హలీమా.

క్లాసు లీడరు సఫియాయే.

*

ఆఫీసు గదిలో పైన పంకా తిరుగుతోంది గానీ గాలి కింది దాకా రావడం లేదు. బల్ల మీద ప్రవేశాల రిజిస్టరు తెరిచి పెట్టి ఉంది. హలీమా చూపుడు వేలు తేదీల వరస మీద పై నుంచి కిందికి జరిగింది.

"ఈ రాత మీదేనా?"

"నాదే సిత్ హలీమా." ఇక్కడ గౌరవంగా అమ్మా అని పిలవాలంటే సిత్ అంటారు.

"ఒకే రోజు ముప్ఫై ఒక్క మంది పుట్టారు. ఎలా పుట్టారు చెప్పండి."

వజీరున్నీసా చెప్పింది. దాచడానికి అందులో ఏమీ లేదనుకుని అంతా చెప్పింది. తమ పల్లెల్లో పుట్టిన రోజు ఎవరూ రాసిపెట్టుకోరని, చిన్నపిల్లలైతే కుడి చెయ్యి తల మీదుగా వేయించి ఎడమ చెవి అందుతుందో లేదో చూస్తారని, అందితే ఆరేళ్ళు నిండినట్టేనని. చెబుతూ చెబుతూ తన చెయ్యి తల మీదుగా వేసి చూపించింది కూడా. హలీమా కనురెప్ప వేయకుండా చూసింది.

"మరి వీళ్ళు చిన్నపిల్లలు కారు కదా."

"వీళ్ళ తల్లులను అడిగాను. ఒకామె మిడతలు వచ్చి తోట మొత్తం తినేసిన ఏడాది పుట్టిందంది. ఒకామె గాలివానకు తాటాకు కప్పులు ఎగిరిపోయిన ఏడాది అంది. దాన్ని బట్టి లెక్క కట్టుకున్నాను."

"లెక్క కట్టి, వచ్చింది వచ్చినట్టు రాశారా?"

వజీరున్నీసా రిజిస్టరులో తన రాత వైపు చూసింది.

"లేదు. రెండేళ్ళో మూడేళ్ళో తగ్గించి రాశాను."

"ఎందుకు?"

"మా వైపు అందరూ అట్లాగే రాస్తారు. ఆడపిల్లలకైతే మరీ. ఇంట్లో పెద్దవాళ్ళు వయసు మీరిపోతోందని బడి మాన్పించబోతే, ఇదుగో రిజిస్టరు చూడండి, ఇంకా చిన్నపిల్లే అని టీచరు చెప్పుకోవడానికి ఉంటుంది. ఇక్కడా నేను నాలుగిళ్ళలో అట్లా చెప్పి పిల్లలను వెనక్కి తెచ్చుకున్నాను. నాకు దానికి సిగ్గు లేదు."

ఆఖరి మాట అనుకోకుండా వచ్చేసింది. హలీమా పెద్ద గడియారాన్ని మణికట్టు మీద ఒకసారి తిప్పుకుంది, అంతే.

"మీ మంచి మనసును నేను తప్పుపట్టడం లేదు టీచర్. కానీ నా పై వాళ్ళు పట్టికలో మనసు చూడరు. ఊళ్ళో పెద్ద ఇళ్ళ పిల్లలు తప్పిన లెక్కలు ఈ పిల్లలు చేశారంటే నమ్మడానికి వాళ్ళు సిద్ధంగా లేరు. వాళ్ళకు ఒక సాకు కావాలి. ఈ తేదీలు రాసి ఆ సాకు మీరే వాళ్ళ చేతికిచ్చారు."

ఆ మాట వజీరున్నీసాకు సూటిగా తగిలింది. నాలుగేళ్ళుగా సాయంత్రాలు కూడా ఉండి, ఒక మాట అరబ్బీలో, ఒక మాట ఉర్దూలో, ఒక మాట పిల్లల దగ్గరే నేర్చుకున్న స్వాహిలీలో చెప్పి చెప్పి గొంతు అరగదీసుకుంది. ఆ కష్టమంతా తన చేతి రాత వల్లే బూడిదయ్యేట్టుంది. ఏడుపొచ్చింది. ఇక్కడ ఏడవకూడదని పంటి బిగువున ఆపుకుంది.

"ఒక్క ప్రశ్న అడుగుతాను" అంది హలీమా, రిజిస్టరు మూసి దాని మీద రెండు చేతులూ పెట్టి. "దీనికి మీరు చెప్పే జవాబు నా రిపోర్టులో యథాతథంగా ఉంటుంది. తెలియక రాసిన తేదీలు వేరు. తెలిసి మార్చిన తేదీలు వేరు. ఈ ముప్ఫై ఒక్కరిలో ఎవరైనా మీకు ఎప్పుడైనా జనన పత్రం చూపించారా?"

కిటికీలోంచి చూస్తే వరండా అవతల జీమ్ సెక్షన్ గది కనిపిస్తోంది. వంచిన తలలు, తెల్లగుడ్డలు. సఫియా కూర్చునే చోటు ఇక్కడికి కనబడదు. కాయితం ఇంట్లో పెట్టెలో ఉంటే బాగుండు. పెట్టెలో ఉంటే ఒక్క మాటతో సరిపోతుంది.

"లేదు" అంది వజీరున్నీసా.

హలీమా ఆ మాట కాయితం మీద రాసుకుంది. చిన్న మాట కదా, రాయడానికి ఎంతో సేపు పట్టలేదు.

*

గంట కొట్టిన చప్పుడు వినిపించింది. వరండాలో చెప్పుల చప్పుడు. సఫియా లోపలికి వచ్చి, జవాబు కాయితాల కట్ట బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది.

హలీమా లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"ముప్ఫై ఉన్నాయి. ఇంకొకటి?"

"నాది ఇవ్వలేదు" అంది సఫియా.

"రాయలేదా?"

"రాశాను. ఇవ్వలేదు." సఫియా పుస్తకం తెరిచి, అట్టకూ మొదటి పేజీకీ నడుమ నుంచి నాలుగు మడతల కాయితం తీసి కట్ట పక్కన పెట్టింది. మడతల దగ్గర చిరిగి, వెనక నుంచి గుడ్డ ముక్క అతికించి ఉంది. "మీరు అడిగింది ఇది. నాకు ఇరవై ఒకటి నిండాయి. నా పేరు మీరు కొట్టేయాల్సి ఉంటుంది కాబట్టి నా కాయితం వాళ్ళ కాయితాల్లో కలపలేదు. నా మూలంగా వాళ్ళ మార్కులు పోకూడదు."

వజీరున్నీసా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. హలీమా మడతలు విప్పి చదివింది. ఆ పైన రిజిస్టరు తెరిచి సఫియా పేరు దగ్గర ఆగింది.

"ఇది మీ టీచరు చూశారా?"

"లేదు" అంది సఫియా తడుముకోకుండా. "మా నాన్న దాచిపెట్టాడు. అబ్లాకు తెలియదు. తప్పు మా నాన్నది."

చనిపోయిన తండ్రి మీద ఆ పిల్ల మొట్టమొదటిసారి ఆడుతున్న అబద్ధం. ఆయన ఎంత నిజాయితీగా ఆ కాయితాన్ని గుడ్డలో చుట్టి తెచ్చాడో వజీరున్నీసాకు ఒక్కసారిగా కళ్ళకు కట్టింది. గుడారం బయట చెప్పులు విడిచి, లోపలికి వంగి వచ్చాడు. రెండు చేతులతో ఇచ్చాడు. అలాంటి మనిషిని అబ్లా కోసం కూతురే దొంగను చేస్తోంది. ఇక కూర్చోలేకపోయింది.

"ఆ పిల్ల చెప్పేది అబద్ధం" అని లేచింది. "నేను చెప్పిందీ అబద్ధమే. వాళ్ళ నాన్న తెచ్చి చూపించాడు. పెట్టెలో దాచుకోమని నేనే చెప్పాను. నిన్న ఈ పిల్లకూ తేవద్దనే చెప్పాను. ఆయన మాట రిపోర్టులో రాయకండి సిత్ హలీమా. ఆయన ఏమీ దాచలేదు."

"అబ్లా..." అంది సఫియా.

"నువ్వు ఊరుకో."

హలీమా జవాబు కాయితాల కట్ట దగ్గరకు లాక్కుని, ఎర్ర పెన్సిలు తీసి, దిద్దడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, అయిదు, పది. నిలబడినవాళ్ళు నిలబడే ఉన్నారు. ఒకచోట పెన్సిలు ఆగింది, వెనక్కి వెళ్ళింది, సరేనన్నట్టు ముందుకు కదిలింది. ఇరవయ్యో కాయితం దాటాక హలీమా పెన్సిలు పక్కన పెట్టేసింది.

"మార్కులు నిజమే" అంది. "మీ పిల్లలకు లెక్కలు వచ్చు. అలిఫ్ సెక్షన్ సంగతి నేను ముదీరాతో వేరే మాట్లాడతాను. ఈ ముప్ఫై మందికీ కాయితాల్లేవు. కాయితాల్లేని వాళ్ళ వయసు ప్రభుత్వ డాక్టరు చెప్పాలి. వీళ్ళలో ఎవరికీ ఇరవై దాటినట్టు నా కంటికి కనబడడం లేదు, డాక్టరు కంటికీ కనబడదు. ముప్ఫై పేర్లూ రేపు వెళతాయి."

వజీరున్నీసా కళ్ళు మూసుకుంది. ముప్ఫై మంది. నాలుగేళ్ళ కష్టం నిలబడింది. ఇంకొకరైతే అక్కడికక్కడ నేలకు నుదురానించి సజ్దా చేసేవాళ్ళు. ఆమె మాత్రం ముప్ఫై ఒకటో అంకె దగ్గరే ఆగిపోయింది.

"కాయితం లేనివాళ్ళంతా గట్టెక్కారు" అంది. "ఉన్న కాయితం నిజాయితీగా తెచ్చి ఇచ్చిన పిల్ల మునిగిపోయింది. ఇది న్యాయమేనా? మీరూ అదే దీవి నుంచి వచ్చారు. ఆ గొడవల్లో ఈ పిల్ల చదువు మూడేళ్ళు పోయింది. పోయిన ఆ మూడేళ్ళే నేను రిజిస్టరులో వెనక్కి ఇచ్చాను. అంతకంటే నేనేం చేయలేదు."

హలీమా సఫియా వైపు తిరిగింది. "నీ జవాబు కాయితం ఇవ్వు" అంది. సఫియా ఇచ్చింది. దాన్ని దిద్దలేదు. జనన పత్రంతో కలిపి సంచిలో పెట్టుకుంది.

"ఈ పేరు నేనిప్పుడు కొట్టేయను. అలాగని పంపనూ పంపను. రేపు ఎనిమిదింటికి విద్యాశాఖ ఆఫీసుకు రండి, ఇద్దరూ. వయసు సడలించమని పై వాళ్ళను అడిగే అధికారం నాకుంది. అడిగితే, రాసిన టీచరు ఎలాంటి మనిషని వాళ్ళు నన్ను అడుగుతారు. ఆ ఒక్కదాని మీదే అంతా ఆధారపడి ఉంది."

సంచి భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళింది. గడియ తీసింది. బయటి వేడి ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. అప్పుడు వెనక్కి తిరిగి, ఏదో మర్చిపోయిన దానిలా అడిగింది.

"నిన్న మీ ఫైలు కూడా తెప్పించుకుని చూశాను టీచర్. మీరెప్పుడు పుట్టారు?"

ఎన్ని ఫారాల్లో నింపింది ఆ తేదీ. ట్రైనింగు కాలేజీలో, పాసుపోర్టులో, ఈ బడి దరఖాస్తులో. ఆలోచించకుండా చెయ్యి రాసేస్తుంది, నోరు చెప్పేస్తుంది. తొమ్మిదేళ్ళప్పుడు తాత చెయ్యి పట్టుకుని బడికి పోతే, అయ్యవారు ఆమె చెయ్యి తల మీదుగా వేయించాడు. అరచెయ్యి మొత్తం చెవిని కప్పేసింది. ఆయన నవ్వి, ఆరేళ్ళు అని రాసుకున్నాడు. జూలై ఒకటి. ఆ మూడేళ్ళు తగ్గకపోతే ట్రైనింగులో సీటే లేదు. ఆ సీటు లేకపోతే ఈ ఉద్యోగం లేదు.

చెప్పాల్సింది రెండే రెండు మాటలు. ఫైలులో ఉన్నదే చెబితే చాలు, అది అబద్ధమని ఈ దేశంలో ఎవరూ రుజువు చేయలేరు. సఫియా ఆమె ముఖంలోకే చూస్తోంది.

"తెలీదు సిత్ హలీమా" అంది వజీరున్నీసా. "నా ఫైలులో ఉన్నది నేను పుట్టిన రోజు కాదు. అదీ ఎవరో రాసిచ్చిందే."

హలీమా తలుపు మూసింది. తిరిగి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. సంచిలోంచి కొత్త కాయితం ఒకటి తీసి బల్ల మీద పరిచి, పైన వజీరున్నీసా పేరు రాసింది.

"కూర్చోండి" అంది. "మీరెలాంటి మనిషని రేపు వాళ్ళు అడిగితే ఇదే చూపిస్తాను. మొదటి నుంచి చెప్పండి."